మన పూర్వ విద్యార్థుల ఫ్రీమేసన్ లాడ్జి వార్షిక నివేదిక

సోదరులకు, వారి ఇళ్లలో అందరికీ నమస్కారం.

ఇళ్లలో వాళ్ల కోసం ఒక మాట: ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంలో మన బడి పాత విద్యార్థుల శాఖే ఈ లాడ్జి. ఇన్నేళ్లూ ఈ నివేదిక ఇంగ్లీషులో వచ్చేది. మన రిచువల్, అంటే మీటింగుల్లో ఆచారంగా పలికే మాటలు, మొత్తం ఇంగ్లీషులోనే కాబట్టి అదే అలవాటైపోయింది. ఈసారి తెలుగులో రాస్తానని కమిటీని నేనే అడిగాను. ఎందుకో ముందు చెప్పి, తర్వాత ఏడాది పనుల్లోకి వస్తాను.

ఆగస్టులో ఒక పెళ్లిలో మన సీనియర్ సోదరుడి భార్య కనిపించారు. ఆయన బాత్‌రూమ్‌లో జారిపడి, తుంటి ఎముక విరిగి, నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్నారని అప్పుడు తెలిసింది. ఆ నాలుగు నెలలూ నేను ఆయనకు మీటింగ్ నోటీసు వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నాను. ఎందుకు రావడం లేదని ఒక్కసారీ ఫోన్ చేయలేదు. ఆవిడ నిష్ఠూరమాడలేదు. ఒకటే అడిగారు: "బాబూ, రెండో శనివారం వస్తే చాలు, ఆయన సాయంత్రం నుంచీ గోడ గడియారమే చూస్తుంటారు. సరిగ్గా తొమ్మిదికి మంచినీళ్ల గ్లాసు పైకెత్తి ఏదో అనుకుని తాగుతారు. అడిగితే నవ్వుతారు. ఏంటది?"

పెళ్లి పందిట్లో ఆ గోలలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను వదినగారూ. రెండో శనివారం మీటింగ్ అయ్యాక మేమంతా కలిసి భోంచేస్తాం. దాన్ని ఫెస్టివ్ బోర్డ్ అంటాం. తొమ్మిది కొట్టగానే మాటలు ఆపి, లేచి నిలబడి, ఆ రోజు రాలేకపోయిన సోదరులను తలుచుకుని గ్లాసు ఎత్తుతాం. తొమ్మిదింటికి గడియారం ముళ్లు రెండూ మూలమట్టం ఆకారంలో నిలుస్తాయి. మూలమట్టం తాపీమేస్త్రీ పనిముట్టు. మేసన్ అంటే తాపీమేస్త్రీ అనే కాబట్టి మా గుర్తులో కూడా అది ఉంటుంది. మేము ఆయన కోసం గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ఆయన అక్కడ మంచం మీంచి మా కోసం ఎత్తారన్నమాట. మాది నోటిమాటగా మిగిలిపోయింది. ఆయన మాత్రం మనసులో పెట్టుకున్నారు. ఈ ఏడాది లాడ్జి చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ తప్పు దిద్దుకోవడమే.

సెప్టెంబరు నుంచి ఆల్మనర్‌కు, అంటే సోదరుల కష్టసుఖాలు చూసే బాధ్యుడికి, బ్యాచ్‌కు ఒకరు చొప్పున తోడు ఇచ్చాం. రెండు మీటింగులకు వరసగా రాని సోదరుడికి ఫోన్ వెళ్తుంది. ఫోన్ ఎత్తకపోతే మనిషి వెళ్తాడు. చనిపోయిన సోదరుల ఇళ్లకు కూడా పండుగ ముందు వెళ్లి పలకరించి వచ్చాం. ఒక ఇంట్లో పెన్షన్ కాగితాలు ఏడాదిగా కదల్లేదని తెలిసి, ఆ పని తెలిసిన సోదరుడు దగ్గరుండి పూర్తి చేయించాడు. డబ్బు సాయం కంటే ఇలాంటి సాయమే ఎక్కువ అవసరమని నాకు అర్థమైంది.

రెగ్యులర్ మీటింగులు ఎప్పటిలాగే హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో జరిగాయి. 1682లో, తానీషా హయాంలో కట్టిన ఆ భవనంలో 1872 నుంచి మేసన్లు కలుస్తున్నారు. మన దేశంలో చాలా ఊళ్లలో మేసన్ల భవనాన్ని జనం జాదూ ఘర్ అని పిలిచేవారు. తలుపు వేసి, బయట టైలర్ అని పిలిచే కాపలాదారు కత్తితో నిలబడితే ఎవరికైనా అనుమానం రావడం సహజమే. ఇంట్లో వాళ్లు కూడా అడుగుతుంటారు కాబట్టి, చెప్పగలిగింది చెబుతాను.

ఈ ఏడాది ఇద్దరిని కొత్తగా చేర్చుకున్నాం. ఇద్దరూ ఒకే బ్యాచ్, బడిలో ఒకే బెంచీ. ఇనిషియేషన్ రోజు పీఠం మీద గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథం, పార్సీల జెండ్ అవెస్తా పక్కపక్కనే ఉంచాం. ఒకరు గీత మీద, మరొకరు ఖురాన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. రెండో ఆయన గొంతు వణికింది. ముందు ప్రమాణం చేసిన ఆయన చూపు అతని మీదే ఉంది, బడిలో అప్పచెప్పే రోజుల్లోలాగా. లోపల మతం గురించి, రాజకీయం గురించి వాదన ఉండదు. పీఠం మీద మాత్రం అందరి గ్రంథాలూ ఉంటాయి. నాకు మన లాడ్జిలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే.

జనవరిలో ఇన్‌స్టలేషన్ జరిగి కొత్త వర్షిప్‌ఫుల్ మాస్టర్, అంటే లాడ్జి పెద్ద, కుర్చీ ఎక్కారు. రిచువల్ అంతా పుస్తకం చూడకుండా చెప్పాలి కాబట్టి ఆయనకు నెల రోజులు టెన్షన్. ఒకచోట ఆగిపోతే పక్కనుంచి మాట అందించింది ఆయన పాత క్లాస్‌మేటే. వివరాలు మినిట్స్‌లో ఉన్నాయి.

పూర్వ విద్యార్థులు లాడ్జి పెట్టుకోవడం మనతో మొదలైంది కాదు. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ స్కూలు పాత విద్యార్థుల లాడ్జి 1888 నాటిది. అక్కడ ఇలాంటి లాడ్జిలన్నీ ఏడాదికోసారి ఒక్కో బడిలో కలుస్తాయి. ఉద్యోగరీత్యా లండన్‌లో ఉంటున్న మన సోదరుడు ఈ వేసవిలో గ్రేట్ క్వీన్ స్ట్రీట్‌లోని ఫ్రీమేసన్స్ హాల్ చూసి వచ్చి మాకు చెప్పాడు. 1933లో పూర్తయిన ఆ భవనం మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 3,225 మంది మేసన్ల స్మారకం. కంచు పేటికలో వాళ్ల పేర్లు రాసి చుట్టిన పత్రం ఉందట. రాలేని వాళ్లను మర్చిపోకుండా ఉండటానికి అంత పెద్ద భవనమే కట్టారు. మనకు ఒక ఫోన్ నంబర్ల పట్టిక సరిపోయేది, అదీ సరిగా ఉంచుకోలేదు.

మన బడికి కుటుంబాలతో వెళ్లిన రోజు బాగా జరిగింది. ఫెస్టివ్ బోర్డ్ మొదలయ్యే ముందు మనం కొట్టే ఇత్తడి గంట ఆ రోజు తిరిగి బడికి తీసుకెళ్లాం. పాత ప్యూన్ కొడుకు చేత కొట్టించాం. హాజరు ఎప్పటిలాగే పాత బ్యాచ్ నుంచి మొదలుపెట్టి పిలిచాం. డెబ్బై దాటినవాళ్లు "ప్రెజెంట్ సార్" అంటుంటే మనవలు ఆశ్చర్యంగా చూశారు. చారిటీ బ్యాగులో పోగైన డబ్బుతో ఇద్దరు పిల్లల ఫీజు కట్టాం. వాళ్ల పేర్లు ఆల్మనర్‌కు, కోశాధికారికి తప్ప ఎవరికీ తెలియవు, నాకు కూడా. అలాగే ఉండాలి. ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి విడిగా పంపారు.

మన సీనియర్ సోదరుడు ఫిబ్రవరిలో వాకర్‌తో బారాదరికి వచ్చారు. మెట్ల దగ్గర రెయిలింగ్ లేక ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. వచ్చే మీటింగులోపు రెయిలింగ్ పెట్టించాలని తీర్మానించాం.

ఈ నివేదికతో పాటు ఒక చిన్న ఫారం పంపుతున్నాను. సోదరుడి నంబరుతో పాటు ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా రాసి, వచ్చే రెండో శనివారంలోపు నాకు పంపండి. ఆయన పంపడం మర్చిపోతే, మీరే పంపండి వదినగారూ.

మీ
కార్యదర్శి