మలుపులోనూ మా బండికి పెట్రోలు అందేలా చేసిన అందరికీ కృతజ్ఞతలు

నల్గొండ హైదరాబాద్ రోడ్డులోని మెకానిక్ అన్నకు, మిర్యాలగూడలో ఆర్గాన్ వెల్డింగ్ చేసే కాకకు, పెట్రోలు ప్రెషర్ కొలిచే గేజ్ పట్టుకొచ్చిన కోదాడ తమ్ముడికి, చెన్నై దాకా బండిని ట్రక్కు మీద భద్రంగా చేర్చిన డ్రైవరన్నకు ఈ పోస్టు. పేర్లు పెట్టొద్దని మీరే అన్నారు కాబట్టి పెట్టట్లేదు. కానీ మీరు చేసింది పదిమందికీ తెలియాలి. ఎందుకంటే మలుపులో పెట్రోలు అందక బండి దగ్గే ఇదే ఇబ్బందితో ఊరికే పార్టులు మార్చుకుంటూ పోతున్నవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు.

సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. నాది పాత 1.8 లీటర్ల టర్బో పెట్రోలు సెడాన్, 150 హార్స్‌పవర్. ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ రేస్ ట్రాక్‌లో జరిగే ట్రాక్ డేలకు, అంటే సొంత బండ్లను ట్రాక్ మీద నడుపుకునే రోజులకు, తీసుకెళ్తుంటాను. సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్ అది, 1990 నుంచి నడుస్తోంది. మనమైతే మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా పోయి మేదరమెట్ల దగ్గర చెన్నై హైవే ఎక్కుతాం. ట్రాక్‌లో పొడవాటి కుడి మలుపు తిరిగి, బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కగానే బండి దగ్గేది. క్షణంపాటు పవర్ చచ్చిపోయి, తిన్నటి రోడ్డు రాగానే ఏమీ జరగనట్టు మళ్లీ లాగేది. ట్యాంకు నిండుగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. సగానికి దిగితే మొదలు.

టర్బో ఇంజిన్‌కు ఇది చాలా ప్రమాదం. ట్యాంకులోని పంపు పెట్రోలుకు బదులు గాలి పీలిస్తే లైన్‌లో ప్రెషర్ పడిపోతుంది. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది కానీ దాంట్లోంచి వచ్చే పెట్రోలు తగ్గిపోతుంది. టర్బో మాత్రం గాలిని తోస్తూనే ఉంటుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయితే సిలిండర్‌లో వేడి పెరిగి నాకింగ్ (పెట్రోలు తనంతట తానే పేలినట్టు మండడం) వస్తుంది. అది ఫుల్ లోడు మీద జరిగితే పిస్టన్ పైభాగం కరగడానికి ఎంతో సేపు పట్టదు.

తలా ఒకటి చెప్పారు. ప్లగ్గులన్నారు, కాయిల్ అన్నారు, పెద్ద పంపు వేసేయమన్నారు. మెకానిక్ అన్న ఒక్కడే స్పానర్ పట్టుకోకుండా, "ముందుగాల ప్రెషర్ జూద్దాం బై, గప్పుడు చెప్త" అన్నాడు. అన్నకు నేను అన్నిటికంటే ఎక్కువ రుణపడింది ఈ ఒక్క మాటకే.

కోదాడ తమ్ముడు గేజ్ తెచ్చాడు. ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) దగ్గర టీ ఆకారపు జాయింట్ వేసి, పైపును బానెట్ సందులోంచి బయటికి తీసి, గేజ్‌ను అద్దానికి బయటివైపు టేపుతో గట్టిగా అతికించారు. పెట్రోలు ఉండే గేజ్ కారు లోపలికి రాకూడదని అన్న పట్టుబట్టాడు. లోపలి నుంచి చిన్న కెమెరా పెట్టాం. మా బండిలో పెట్రోలు ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ 3 బార్‌ది. ఇంజిన్ పీల్చే వాక్యూమ్‌ను బట్టి ఐడిలింగ్‌లో రెండున్నర దగ్గర ఉండాలి. టర్బో 0.7 బార్ బూస్ట్ ఇస్తే గేజ్ 3.7 చూపించాలి. తిన్నటి రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో ముల్లు సరిగ్గా అక్కడే నిలబడింది. కుడి మలుపు మధ్యకు రాగానే వణికి, రెండు బార్ కంటే కిందికి జారింది. మలుపు దాటాక మళ్లీ పైకి.

ఆ వీడియో చూసి అన్న చెప్పింది మీ అందరికీ పనికొస్తుంది. ప్రెషర్ తిన్నటి రోడ్డు మీద, ఆర్పీఎం పెరిగేకొద్దీ పడిపోతుంటే పంపునో, ఫిల్టర్‌నో, పంపుకు వచ్చే కరెంటునో అనుమానించాలి. మలుపులోనే పడి, వెంటనే లేస్తుంటే పంపు తప్పేం లేదు. "పంపు మంచిగనే ఉన్నది. దాని కాడికే పెట్రోలు వస్తలేదు."

షాపులోని ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ తీసుకుని, అడుగున కాసిన్ని నీళ్లుంచి, ఒక పైపు ముక్క లోపల పెట్టి క్యాన్‌ను పక్కకు వంచి చూపించాడు. పైపు కొస గాల్లో తేలింది. బండి మలుపులో ఒక జీ బలంతో (భూమి కిందికి లాగేంత బలం పక్కకు లాగుతూ) తిరుగుతుంటే ట్యాంకులో పెట్రోలు పైమట్టం 45 డిగ్రీలు వాలిపోతుందట. ట్యాంకులో పంపు చుట్టూ ఒక ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. రోడ్డు మీద మలుపులకు ఆ గిన్నెలో నిలిచే పెట్రోలు సరిపోతుంది. ట్రాక్‌లో మలుపు పొడవు, వేగం ఎక్కువ, గిన్నె ఖాళీ అయిపోతుంది. పెద్ద పంపు వేస్తే అదే గిన్నెను ఇంకా తొందరగా ఖాళీ చేస్తుంది. అంత డబ్బు పెట్టి రోగం పెంచుకునేవాణ్ణి.

మందు సర్జ్ ట్యాంక్. ట్యాంకులోని పాత పంపు ఇక ఇంజిన్‌కు నేరుగా పంపదు, ఒకటిన్నర లీటర్ల చిన్న అల్యూమినియం ట్యాంకును నింపుతూ ఉంటుంది. దాని అడుగు నుంచి రెండో పంపు హై ప్రెషర్‌తో ఇంజిన్‌కు పంపుతుంది. రైల్ నుంచి మిగిలి వచ్చేది మళ్లీ సర్జ్ ట్యాంకులోకే వస్తుంది. పాత పంపు మలుపులో గాలి మింగినా ఆ బుడగలు పైకి తేలి, పైనున్న పైపులోంచి పెద్ద ట్యాంకుకు వెళ్లిపోతాయి. మా ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 50 లీటర్ల దాకా తాగుతుంది, అంటే సెకనుకు 14 మిల్లీలీటర్లు. ఒకటిన్నర లీటర్లంటే ఒకటిన్నర నిమిషానికి పైనే. అంత పొడవు మలుపు ఏ ట్రాక్‌లోనూ ఉండదు.

ఇక కాక సంగతి. రైస్ మిల్లుల పని చేసే మనిషి. కారు పని ఎప్పుడూ చేయలేదు. గీసిచ్చిన బొమ్మ చూసి మొదట అడిగింది, "లోపల పెట్రోలు ఉంటదా? అయితే లీకు టెస్టు గాకుండ ఇయ్య" అని. వెల్డింగ్ అయ్యాక అన్ని నోళ్లూ మూసి, అర బార్ గాలి పట్టి, మిల్లు నీళ్ల తొట్టిలో ముంచాడు. కింది ఫిట్టింగ్ దగ్గర దారంలా సన్నటి బుడగల వరుస వచ్చింది. నా కంటికైతే ఆనలేదు, కాకే వేలు పెట్టి చూపించాడు. అక్కడ గ్రైండింగ్ పట్టి, శుభ్రంగా తుడిచి మళ్లీ వెల్డింగ్ పెట్టి, మళ్లీ ముంచాడు. ఈసారి ఒక్క బుడగ లేదు. అయినా తొట్టి దగ్గరే కూర్చుని చాలాసేపు చూశాక గాని నా చేతికివ్వలేదు. కాకా, ఆ తొట్టి దగ్గర మీరు పెట్టిన ఓపిక మీదే నేనిప్పుడు నమ్మకంగా స్టీరింగ్ పట్టుకుంటున్నాను.

బిగించడంలోనూ అన్న ఎక్కడా తొందరపడలేదు. ఇంజెక్షన్ ప్రెషర్‌కు, ఇథనాల్ కలిపిన పెట్రోలుకు రెండింటికీ తట్టుకునే పైపులే వేశాడు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పాత రబ్బరు పాడవుతుంది, దయచేసి ఎవరూ మామూలు పైపుతో సర్దుకోకండి. సర్జ్ ట్యాంక్‌ను స్టెప్నీ గుంటలో రేకు పెట్టెలో పెట్టి, కారు లోపలికి వాసన రాకుండా మూసి, పెట్టె గాలిని కింది నుంచి బయటికి వదిలాడు. రెండో పంపుకు విడిగా ఫ్యూజు, రిలే, గుద్దుకుంటే కరెంటు ఆగిపోయే స్విచ్ పెట్టాడు. ఇలా మార్చిన బండిని రోడ్డు మీద తిప్పడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది కాబట్టి, ఇప్పుడది ట్రక్కు మీదే ట్రాక్‌కు పోతుంది, ట్రక్కు మీదే వస్తుంది.

మళ్లీ అదే మలుపు, ఈసారి ట్యాంకు పావు కంటే తక్కువ. ముల్లు కదల్లేదు. కెమెరా వీడియో ఆ సాయంత్రమే అన్నకు పంపాను. "మంచిగుంది. ఇంటికొచ్చినంక క్లిప్పులన్ని మల్ల టైటు జేద్దాం" అని జవాబు. ఈ మనిషిని మెచ్చుకోవడం కూడా కష్టమే, పని మీదే ధ్యాస.

మీలో ఎవరికైనా ఇదే లక్షణం ఉంటే ముందు ఖర్చు లేని పని చేయండి: ట్రాక్‌లో ట్యాంకు సగం కిందికి దిగనీయకండి. పాతిక లీటర్లు అదనంగా మోస్తే పెరిగే బరువు ఇరవై కిలోల లోపే. పంపు అడుగు జాలీ తీసి చూడండి. ఇంజిన్ వెనక చక్రాలను తిప్పే బండైతే ట్యాంకు జీనులా రెండు భాగాలుగా ఉండొచ్చు, ఒక పక్కది ఇంకో పక్కకు లాగే చిన్న జెట్ పంపు పాడైనా ఇదే దగ్గు వస్తుంది. అవన్నీ చూశాకే సర్జ్ ట్యాంక్ మాట.

కోదాడ తమ్ముడు తన గేజ్‌ను వెనక్కి తీసుకోలేదు, అందరికీ పనికొస్తుందని మెకానిక్ అన్న షాపులోనే ఉంచమన్నాడు. టీ జాయింట్, పైపు, క్లిప్పులు కొత్తవి నేను కొని దాంతోపాటు పెట్టాను. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఎవరికి కావాలన్నా అడిగి తీసుకెళ్లండి, వాడాక పైపులో పెట్రోలు పూర్తిగా వంపేసి తెచ్చివ్వండి.