డిప్యూటీ స్పీకర్ కుర్చీ ఎన్నాళ్లు ఖాళీ?

సంపాదకులు గారికి,

17వ లోక్‌సభ (2019-24) డిప్యూటీ స్పీకర్ లేకుండానే ఐదేళ్లూ గడిపేసింది. 18వ సభ 2024 జూన్ 26న ఓం బిర్లాను మళ్లీ స్పీకర్‌గా ఎన్నుకుంది. రెండో కుర్చీ మాత్రం ఆ ఏడాదంతా ఖాళీయే. వీలైనంత త్వరగా ఇద్దరినీ ఎన్నుకోవాలని రాజ్యాంగం 93వ అధికరణం చెబుతోంది కదా!

ఆ పదవి విలువ కోనసీమ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2002 మార్చి 3న అప్పటి లోక్‌సభ స్పీకర్, మన బాలయోగి గారు కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి కన్నుమూశారు. అవతల ఢిల్లీలో బడ్జెట్ సమావేశాలు. డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ ఉండబట్టే, మే నెలలో కొత్త స్పీకర్‌గా మనోహర్ జోషి వచ్చేదాకా సభ సాగింది. బాలయోగి గారు కూర్చున్న సభలో ఈ లోటు చూస్తే మనసుకు కష్టంగా ఉంది. గోదావరి జిల్లాల ఎంపీలు పార్టీలు పక్కనబెట్టి ఈ ఎన్నిక కోసం పట్టుబట్టాలి.

- ఒక పాఠకుడు, ముమ్మిడివరం