తవ్వుతున్నది పిల్లలు కాదు

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కింద మీ జిల్లా పేజీలో వరంగల్ కోట గురించి 'కోటలో చిన్నారుల తవ్వకాలు' అని ఒక వార్త వచ్చింది. పక్కన ఫొటో కూడా వేశారు. అందులో ఎడమ చివర టోపీ పెట్టుకుని వంగి కూర్చున్నది మా మనవరాలు, తొమ్మిదో తరగతి. దాని చేతిలో ఉన్నది గడ్డపార కాదు, కొలిచే టేపు. ఆ రోజే రాద్దామనుకున్నాను. సవరణ వేస్తారేమోనని ఆగాను. వేయలేదు.

వీళ్లు ఆదివారాల్లో పాత కట్టడాలు, పాత ఊళ్ల ఆనవాళ్లు చూసి రాసుకునే ఒక క్లబ్బు పిల్లలు. తవ్వరు. తవ్వడం అటుంచండి, నేల మీద కనబడ్డ కుండపెంకును కూడా ఇంటికి తేనివ్వరు వాళ్లను తీసుకెళ్లే సార్లు. ఎక్కడుందో నోటుబుక్కులో రాసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఉన్నచోటే వదిలేయాలి. చేరిన కొత్తలో మా పిల్ల ఒక పాటిగడ్డ (పాతకాలపు ఊరు కూలి మిగిలిన మట్టిదిబ్బ) మీద దొరికిన పెంకును జేబులో వేసుకొచ్చింది. మళ్లీ ఆదివారం దాకా ఒకటే టెన్షన్. తీసుకెళ్లి అక్కడే పెట్టి వచ్చాక గానీ కుదుటపడలేదు. "తాతా, కదిపితే అది ఉట్టి పెంకే, సాక్ష్యం కాదు" అని నాకే పాఠం చెప్పింది. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ణి నేను!

మీ వార్తతో ఒక అధికారి గారికి మెలకువ వచ్చింది. ఎవరి అనుమతితో తవ్వుతున్నారో రాసివ్వమన్నారు. తవ్వట్లేదండీ అంటే, పేపర్లో వచ్చింది కదా అన్నారు. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల నిబంధన వినిపించారు. ఆ నిబంధన కొత్త కట్టడాలకు సార్, కోటలోని కాకతీయ తోరణం ముందు కూర్చుని బొమ్మ గీసుకునే పిల్లలకు కాదు. ఆయన పంపిన కాగితం తలమీది ప్రభుత్వ చిహ్నంలో కూడా ఆ కాకతీయ తోరణమే ఉంది. చూసుకున్నారో లేదో.

పోనీ అనుమతి తెద్దామంటే ఎవరిని అడగాలి? కోట వరంగల్ జిల్లా, వేయిస్తంభాల గుడి హనుమకొండ జిల్లా, రామప్ప ములుగు, పాండవుల గుట్ట మీది ఆదిమానవుల రాతి బొమ్మలు భూపాలపల్లి. కొన్ని కేంద్రం వాళ్లవి, కొన్ని రాష్ట్రం వాళ్లవి, మిగతావి దేవుడివి. ఇక్కడడిగితే అక్కడంటారు, అక్కడడిగితే సార్ మీటింగులో ఉన్నారంటారు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మాత్రం ఫ్లెక్సీలు కట్టడానికి జిల్లా సరిహద్దులు అడ్డం రాలేదు.

నిజంగా తవ్వేవాళ్లను చూపించమంటారా? పాత శివాలయం ఉన్న ఊళ్లో అడగండి, గుప్తనిధుల పిచ్చోళ్లు నంది కింద ఎన్ని గుంతలు తీశారో చెబుతారు. పాటిమన్ను చేలకు బలమని ట్రాక్టర్ల కొద్దీ పోతుంది. అందులో రెండువేల ఏళ్ల బతుకు పోతోందని రైతుకు ఎవరైనా చెప్పారా? ఇక కరీంనగర్ వైపు గ్రానైటు కోసం గుట్టలకు గుట్టలే కరిగిపోయాయి. కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందపద్యాలు వెయ్యేళ్లు దాటినవి. తెలుగు ప్రాచీన భాష అని చెప్పుకోవడానికి ఆ గుట్ట కావాలి, కాపాడమంటే ఎవరికీ తీరదు.

కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజు చిముకుడి నాణేలు దొరికి చరిత్రనే గోదావరి ఒడ్డుకు జరిపాయి. వాటిని ముందుగా పోగుచేసి దాచింది ఏ శాఖా కాదు, సంగభట్ల నరహరిశర్మ గారనే స్థానికుడు. శాసనాలు, నాణేల పరిశోధకుడు పరబ్రహ్మశాస్త్రి గారు చదివి లోకానికి చెప్పారు. ఈ కాలంలో అయితే శర్మ గారికీ ఒక నోటీసు అందేదేమో. ఇంగ్లండులో ఎనిమిది నుంచి పదహారేళ్ల పిల్లలకు ఇలాంటి క్లబ్బులు చాలా ఊళ్లలో ఉన్నాయని మా పిల్ల చెబుతుంది. అక్కడి పిల్లల్ని సంజాయిషీ అడుగుతారో లేదో నాకు తెలియదు.

నోటీసు వచ్చాక నలుగురు పిల్లల్ని తల్లిదండ్రులు మాన్పించారు. కేసవుతుందని భయం. వాళ్లకు నేను చెబితే వినరు, పేపర్లో వస్తే వింటారు. కాబట్టి శీర్షిక ఎంత పెద్దగా వేశారో సవరణా అంత పెద్దగానే వేయండి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మిగిలిన పిల్లలు కోటలో ఉంటారు. మీ విలేకరిని పంపండి. పార తెచ్చుకోనక్కర్లేదు, నీళ్ల సీసా చాలు.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ