పెయింట్ వేయించే ముందు ఇది చదువు

చిన్నా,

నిన్న ఫోన్లో నువ్వు మన పాత ఫోక్స్‌వాగన్ కారు బీటిల్‌ని మొత్తం గీకించేసి ఎర్ర రంగు కొట్టిస్తానంటే మీ నాన్న వెంటనే సరే అనేశారు, నేనే ఏం మాట్లాడలేదు. బండి నీకిచ్చేశాం, నీ ఇష్టం, కాదనను. కానీ ఆ బండి వెనకాల రెండేళ్ళు తిరిగింది నేను, ఇంజన్ పని మీ నాన్నది, కాగితాల పని నాది. ఫోన్లో చెప్తే సగం వినవు కాబట్టి రాస్తున్నా.

మనకి అమ్మినాయన ఏమన్నాడో గుర్తుందా, సింగిల్ ఓనర్ బండమ్మా, 42 వేల కిలోమీటర్లే తిరిగింది అన్నాడు. ఆ మీటర్లో ఉన్నవి అయిదంకెలే రా, 99,999 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలు, అది మొదటి 42 వేలో రెండోదో మూడోదో మీటర్‌కే తెలీదు. క్లచ్ పెడల్ రబ్బరు చూస్తే అరిగి అరిగి ఇనుము తేలిపోయింది, 42 వేలకి అలా అరుగుతుందా? అక్కడే నాకు అనుమానం పట్టుకుంది. రిజిస్ట్రేషన్ పుస్తకం చూస్తే మొదటి పేజీలు లేవు, మిగిలిన పేజీల్లోనే ముగ్గురు పేర్లున్నాయి, సింగిల్ ఓనరట!

సరే ముందు బండినే అడుగుదామని వెనక సీటు ఎత్తాను. మధ్యలో పొడుగ్గా ఉబ్బెత్తుగా ఉంటుందే ఆ టన్నెల్ మీద ఛాసిస్ నంబర్ గుద్ది ఉంటుంది, తుప్పు తుడిచి సుద్దముక్క రుద్దితే అంకెలు తెల్లగా లేచాయి, మొదట 115. అందులో 11 అంటే బండి రకం, 5 అంటే 1965 మోడల్. (ఇప్పటి కార్లకుండే 17 అక్షరాల ఛాసిస్ నంబర్ అమెరికాలో తప్పనిసరి చేసింది 1981 మోడల్ నుంచి, అంతకుముందు ఏ కంపెనీ లెక్క దానిదే.) ఫోక్స్‌వాగన్ వాళ్ళకి మోడల్ సంవత్సరం ఆగస్టులోనే మొదలవుతుంది, అంటే 1965 మోడల్ 1964 చివర్లో కూడా తయారై ఉండొచ్చు. మన పుస్తకంలో మాత్రం 1966 అని ఉంది, అది రిజిస్టర్ అయిన సంవత్సరం, పుట్టిన సంవత్సరం కాదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఇంజన్ నంబర్ డైనమో స్టాండ్ కింద ఉంటుంది, అది H తో మొదలైంది. H అంటే 1500 సీసీ ఇంజన్, అవి బీటిల్‌కి వచ్చిందే 1966 ఆగస్టు నుంచి, 1965 బండిలో కంపెనీ పెట్టి ఉండదు కదా. ఎవరో మార్చారు. మీ నాన్న రెండ్రోజులు ముఖం మాడ్చుకున్నారు, నాకైతే ఇంకా హుషారొచ్చింది, ఎందుకు మార్చారు, ఎవరు మార్చారు అని.

తర్వాత జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్న ఫోక్స్‌వాగన్ మ్యూజియం వాళ్ళకి రాశాను, ఛాసిస్ నంబర్ పంపితే బండికి బర్త్ సర్టిఫికెట్ ఇస్తారు. తయారైన తేదీ 1964 అక్టోబర్, రంగు బహామా బ్లూ అని వచ్చింది. కానీ ఫ్యాక్టరీకి తెలిసింది బండి పుట్టుక వరకే, ఆ తర్వాత ఎవరింట్లో పెరిగిందో వాళ్ళకేం తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగితే పాత ఓనర్ల అడ్రసులు ఇవ్వం అన్నారు, న్యాయమే, మన అడ్రసు ఎవరికో ఇస్తే మనం ఊరుకుంటామా. నా ఉత్తరం వాళ్ళకి చేరవేస్తారా అంటే మాత్రం ఒప్పుకున్నారు. మూడు పంపితే ఒక్కటి కూడా తిరిగి రాలేదు, జవాబూ రాలేదు.

చివరికి దారి చూపించింది బ్యాటరీ. బీటిల్‌కి బ్యాటరీ ఉండేది వెనక సీటు కిందే కదా, సీటు స్ప్రింగుల్లో ఒక బిల్లు ఇరుక్కుని ఉంది, యాసిడ్ తినేసి అంచులు పొడిపొడిగా రాలిపోతోంది, పేరులో సగం పోయింది, అయిదంకెల పాత ఫోన్ నంబర్ ఒకటి మిగిలింది. లైబ్రరీలో పాత టెలిఫోన్ డైరెక్టరీ ముందేసుకుని మూడు మధ్యాహ్నాలు పేర్లు వదిలేసి వరసగా నంబర్లే చూసుకుంటూ పోయాను, కళ్ళు కాయలు కాశాయి, దొరికింది! ఆ పేరు పట్టుకుని వాకబు చేస్తే ఆయన లేరు, కూతురున్నారు, నా వయసే.

ఆవిడకి బీటిల్ అని చెప్పగానే అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా, గ్లోవ్ బాక్స్ మూత లోపల మా తమ్ముడు గీకిన అక్షరాలు ఇంకా ఉన్నాయా అని. నేను ఫోన్ పట్టుకునే షెడ్డులోకి వెళ్ళి చూశాను. పైన రంగు కొట్టేశారు గానీ టార్చి పక్కగా వేస్తే గీతలు కనబడతాయి, రెండక్షరాలు, రెండోది తిరగేసి రాశాడు పిల్లాడు. చెప్తే అటువైపు కాసేపు మాటే లేదు. ఇంజన్ సంగతి కూడా ఆవిడే చెప్పారు, పాతది ఒకసారి ప్రయాణంలో వేడెక్కి పట్టేస్తే ఆగిన చోటే వేరేది పెట్టించుకున్నారట. తర్వాత ఫోటో పంపారు, నంబర్ ప్లేట్ స్పష్టంగా మనదే, బండి అప్పటికింకా నీలమే.

ఇప్పుడర్థమైందా నేనెందుకు నసుగుతున్నానో. స్పేర్ వీల్ కింద ఒక చోట నేను తడి ఎమెరీ కాగితంతో రూపాయి బిళ్ళంత అరగదీసి చూశాను, చెట్టు మొద్దులో వలయాల్లా పడ్డాయి, పైన ఆకుపచ్చ, దాని కింద మీగడ రంగు, బూడిద రంగు, అడుగున నీలం. నువ్వు మొత్తం గీకిస్తే అవన్నీ ఒక్క పూటలో దుమ్మైపోతాయి. బయట ఎర్రగా కొట్టించుకుంటావో ఏం చేస్తావో నీ ఇష్టం (నన్నడిగితే నీలమే), కానీ ఆ మచ్చనీ గ్లోవ్ బాక్స్ మూతనీ ముట్టుకోనివ్వకు, అన్నిటికీ ముందే ఫోటోలు తీసి పెట్టు.

ఆవిడ వచ్చే నెల వస్తామన్నారు, తమ్ముణ్ణి కూడా తీసుకొస్తారట, తనకేమీ చెప్పలేదట ఇంకా. అప్పటిదాకా బండి పెయింటింగ్‌కి పంపకు. ఫైలు బీరువాలో కింది అరలో ఉంది, బిల్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టాను, బయటికి తీయకు, రాలిపోతుంది.

అమ్మ