సాయం పాస్‌బుక్‌కి, నష్టం కౌలు రైతుకి

సంపాదకుల వారికి నమస్కారం.

కరోనాలో రైతుల్ని ఆదుకున్నామని నాయకులు ఇప్పటికీ చెప్పుకుంటుంటే ఒళ్లు మండిపోతోంది, అందుకే ఈ ఉత్తరం. 2020 మార్చి 26న కేంద్రం గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటిస్తూ 8.7 కోట్ల మంది రైతులకు తలా 2 వేలు అంది. అది కొత్త డబ్బేం కాదు. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6 వేలలో ఎలాగూ పడాల్సిన వాయిదానే ఏప్రిల్ మొదట్లోనే వేశారు. చేతిలో పైసా ఆడని రోజుల్లో ముందుగా రావడం కూడా మేలే, నేను కాదనను. కానీ అది ఎవరి ఖాతాలో పడింది?

మాది కోనసీమ. మా నాన్న కౌలుకి అరటి వేస్తారు. ఆ ఏప్రిల్‌లో రావులపాలెం మార్కెట్‌కి లారీలు రాక, గెల కొనే నాథుడు లేక, కోతకొచ్చిన గెలలు చెట్ల మీదే పండి, అత్తాలకు అత్తాలు ఊడి బోదెల్లో రాలిపోయాయి. ఊళ్లో పంచినన్ని పంచి మిగతావి గేదెలకి వేశాం. కౌలు మాత్రం అణా పైసలతో కట్టాం, లేకపోతే మరుసటేడు ఆ చేను మాకు ఉండదు. 2 వేలు హైదరాబాద్‌లో ఉండే ఆసామి ఖాతాలో పడ్డాయి. ఆయన్ని తప్పుపట్టను, రూలే అలా ఉంది, పేరున భూమి ఉంటేనే రైతు.

మా ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వ సాయం రైతు భరోసా కౌలు రైతులకీ ఇచ్చారు కదా అంటారు. ఇచ్చింది ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకే, అదీ సాగు చేస్తున్నది వీళ్లేనని చెప్పే సీసీఆర్‌సీ కార్డు ఉంటేనే. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకి ఆసామి సంతకం కావాలి, పైగా దాని గడువు 11 నెలలే. సంతకం అడిగితే చేను వదిలెయ్యమంటారేమోనని మాకు భయం, పెడితే భూమి మీద హక్కు పోతుందేమో, బ్యాంకులో పంట రుణం పుట్టదేమో అని వాళ్లకి భయం. అంతకుముందు 2011 చట్టంలో ఈ సంతకం గొడవే లేదు, రెవెన్యూ వాళ్లు ఊళ్లో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. ఉన్న కాస్త వెసులుబాటునీ తీసేశారు. తెలంగాణలోనైతే మరీ ఘోరం, ఆ ఏడాది రైతుబంధు ఎకరాకి సీజన్‌కి 5 వేలూ పట్టాదారుకే, కౌలు రైతుకి రూపాయి లేదు.

ఇప్పుడు అన్నదాత సుఖీభవ కింద కేంద్రం వాటాతో కలిపి ఏడాదికి 20 వేలు అంటున్నారు. మొత్తం పెరిగింది, సంతోషం. కానీ రేపు ఇంకో తుఫానో, కరోనా లాంటిదో వస్తే మళ్లీ భూమి పట్టాదారు పాస్‌బుక్ చూసే డబ్బు వేస్తారా? ఏ చేలో ఏ పంట ఉందో రాసుకునే ఈ-క్రాప్ నమోదు కోసం సిబ్బంది చేలోకి వచ్చి ఫొటో తీసుకుంటారు కదా, సాగు చేస్తున్నదెవరో వాళ్ల కళ్లకి కనిపిస్తుంది. ఆసామి సంతకం తీసేసి, ఆ నమోదునే ఆధారంగా పెట్టుకుని సాయం ఇవ్వాలి, దానివల్ల భూమి హక్కుకి ఏ ఇబ్బందీ ఉండదని జీవోలోనే రాయాలి.

మీ పత్రికకి ఒక్క మనవి. ఏదో ఒక ఊరు తీసుకుని, సాయం అందినవాళ్ల జాబితా, నిజంగా సాగు చేస్తున్నవాళ్ల జాబితా పక్కపక్కన వేసి చూపించండి.

ఇట్లు,
ఒక కౌలు రైతు కొడుకు,
కొత్తపేట మండలం, కోనసీమ జిల్లా.