మన డ్రైవర్ల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా ముక్కుబండి ముచ్చట్లే

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక చదవనిదే సర్వసభ్య సమావేశం జరిగినట్టు లెక్క కాదట, అందుకని చదువుతున్నాను. పది నిమిషాలు ఓపిక పట్టండి, ఆ తర్వాత భోజనాలే. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు చెప్పే పనిలేదు.

ఈ ఏడాది చెప్పుకోదగ్గ పని ఒక్కటే, కానీ గట్టి పని. సౌదీలో, కువైట్‌లో పాత బెంజి లారీలు తోలిన మన పెద్దల మాటలు రికార్డు చేశాం. సంక్రాంతి మర్నాడు కోరుట్లలో మన సభ్యుడి డాబా మీద సాయంత్రం కూర్చుంటే అర్ధరాత్రి దాకా ఒక్కరూ లేవలేదు.

పిల్లల కోసం ఒక ముక్క. ఆ బండి మెర్సిడెస్ 1924. అది ఏడాది కాదు, మోడల్ నంబరు: ముందు 19 అంటే టన్నుల లెక్క, వెనక 24 అంటే 240 హార్స్‌పవర్. గుండ్రటి బానెట్ ముందుకు పొడుచుకుని వచ్చేది, అందుకే మనవాళ్ళకు అది ముక్కుబండి. ఇక్కడ 1954 నుంచి 1969 దాకా టాటావాళ్ళు బెంజివాళ్ళతో కలిసి లారీలు చేశారు కదా, మెట్‌పల్లి బాపు అలాంటి టాటా బెంజి మీదే క్లీనర్‌గా చేరి స్టీరింగ్ పట్టాడు. సౌదీలో దమ్మాం యార్డులో ముక్కుబండిని చూసి "అరె, ఇది మనదే గదా" అన్నాడట. ఎక్కి కూర్చున్నాక తెలిసింది. స్టీరింగ్ ఎడమ పక్క, గేరు కుడి చేతికి. నెల రోజులు గేరు మార్చబోయినప్పుడల్లా ఎడమ చెయ్యి పోయి తలుపుకు కొట్టుకునేదట. డాబా మీద ఈ సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆయన ఎడమ చెయ్యే లేచింది, వీడియోలో ఉంది, చూసుకోండి.

దమ్మాం నుంచి జోర్డాన్‌కు ట్యాప్‌లైన్ రోడ్డు. 1950లో పూర్తయిన చమురు పైపు లెబనాన్ రేవు దాకా 1,200 కిలోమీటర్ల పైచిలుకు, సౌదీలో దాని పక్కనే ఈ రోడ్డు. ఖైసూమా, రఫ్హా, అరార్, తురైఫ్ అని మన పెద్దలు ఇప్పటికీ వరుసగా అప్పజెబుతారు. తురైఫ్‌లో చలికాలం రాత్రుళ్ళు నీళ్ళు గడ్డకడతాయి. ఎడారి కదా, ఎండే అనుకుని పల్చటి చొక్కాతో పోయినవాళ్ళు ఇంజన్ ఆపకుండా రాత్రంతా క్యాబిన్‌లో ముడుచుకున్నారు, ట్రైలర్ కింది పెట్టెలోని స్టవ్ మీద అన్నం వండుకుని పచ్చిపులుసుతో తిన్నారు. అక్కడ చింతపండు ఎక్కడిదంటే, సెలవు మీద వచ్చిపోయే ప్రతివాడి సూట్‌కేసులో అదేనట.

లండన్ నుంచి, జర్మనీ నుంచి వోల్వో ఎఫ్88, స్కానియా లారీలు ఇస్తాంబుల్, సిరియా దాటుకుని అదే రోడ్డెక్కేవి. ముందు నీలం పలక మీద తెల్లటి అక్షరాలు, టీఐఆర్, అంటే దేశాలు దాటే సరుకు లారీల గుర్తు. ఆ కాగితాలుంటే మధ్య దేశాల్లో సీలు విప్పకుండానే సరుకు దాటేది. సరిహద్దు వరుసలో ఒక తెల్లాయనకూ మనాయనకూ ఒక్క మాటా కలవలేదు, బానెట్ ఎత్తుకుని ఇద్దరూ గంటసేపు ఇంజన్ చూసుకున్నారట.

ఆర్మూర్ పెద్దాయన కువైట్ సంగతి ఎత్తాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడ్డాక ట్రైలర్ మీద మనవాళ్ళను ఎక్కించుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ వైపు తోలాడు. ఆ సంగతి చెబుతూ సగంలో ఆగిపోయాడు. మేమూ ఫోన్ ఆపేశాం. ఆ సగం మన దగ్గర లేదు.

ఇక కోపం సంగతి. రికార్డింగుకు వస్తామని గ్రూపులో పద్నాలుగు మంది పేర్లిచ్చారు, వచ్చింది ఇద్దరు. బొటనవేలు బొమ్మ పెట్టడం పనికాదు బాబూ. హాలు కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం, మేం వెళ్ళినప్పుడల్లా సారు అప్పుడే బయటికి వెళ్ళారు. డాబా దొరకబట్టి సరిపోయింది. డాబా ఇచ్చిన దంపతులకు, తలకాయ కూర వండిన అక్కలకు, మైకు సెట్టు ఊరికే ఇచ్చిన తమ్ముడికి, కూర్చుని అంతా టైపు చేసిన డిగ్రీ అమ్మాయికి పేరుపేరునా దండాలు. రాత్రి రెండింటిదాకా చాపలు మడిచింది మాత్రం నేనూ కోశాధికారీ.

లెక్కలు చివరి పేజీలో ఉన్నాయి, కోశాధికారి చదువుతారు. చందా బాకీ ఎవరెవరిదో వాళ్ళకే తెలుసు.

రికార్డు చేయాల్సిన పెద్దలు సిరిసిల్లలో ఇద్దరు మిగిలారు, ఒకాయనకు చెవులు తగ్గుతున్నాయి. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరాలి, ఒక కారు కావాలి. డ్రైవర్ల సంఘంలో బండి తోలేవాడు దొరకలేదని బయట చెప్పుకోలేం. పాత ఇఖామాలు (అక్కడి నివాస కార్డులు), బండి పక్కన దిగిన ఫొటోలు ఉంటే భోజనాల దగ్గర నాకివ్వండి, ఫోన్‌లో తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేస్తాను.