తమ్ముడికి, ట్రాక్టరుకి బ్యాటరీ పెట్టే ముందు

పోకీప్సీ, న్యూయార్క్
మార్చి నెలాఖరు

చిన్నా,

అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పసుపు ఉడకబెట్టడం, ఆరబెట్టడం అయిపోయిందని అమ్మ చెప్పింది. దుగ్గిరాల యార్డులో ధర పెరిగేదాకా అమ్మేది లేదని నాన్న పట్టుబట్టారట. అది మీరిద్దరూ తేల్చుకోండి. మధ్యలో నేను మాట్లాడితే ఇద్దరూ కలిసి నా మీద పడతారు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో జవాబు చెబితే సగమే వింటావని కాగితం మీద పెడుతున్నాను. ట్రాక్టరు ఇంజను సిలిండర్లు అరిగి బోరుకొచ్చింది, బాగుచేయించే డబ్బుకి ఇంకొంత కలిపితే ఇంజను తీసేసి మోటారు, బ్యాటరీలు బిగిస్తానని తెనాలి మెకానిక్ అంటున్నాడు, చేయించనా అని కదా నీ ప్రశ్న. ఆ 45 హార్స్‌పవర్ ట్రాక్టరుకి వద్దు. ఇంజనే చేయించు. బ్యాటరీ సరదా తీర్చుకోవడానికి పెదనాన్న వాళ్ళ దొడ్లో మూలన పడి ఉన్న చిన్న ట్రాక్టరు ఉంది, దాన్ని అడుగు.

కారణం లెక్కలోనే ఉంది. లీటరు డీజిల్లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది, మన కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే. అందులో ఇంజను వేడికీ పొగకీ పోగొట్టింది పోగా పనికి అందేది 3 యూనిట్లు. దమ్ము చేసేటప్పుడు గంటకి 5 లీటర్లు తాగుతుందని నువ్వే అన్నావు. అంటే గంటకి 15 యూనిట్ల పని. మోటారులో, దాని వేగం అదుపు చేసే కంట్రోలర్లో పోయేది కూడా కలుపుకుంటే బ్యాటరీ 17 దాకా ఇవ్వాలి. రోజుకి ఆరు గంటలు దమ్ము చేస్తే 100 యూనిట్లు దాటుతుంది. ఇప్పుడు దొరుకుతున్న 280 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ సెల్లులో 0.9 యూనిట్ పడుతుంది, బరువు ఐదు కిలోల పైచిలుకు. నీకు అలాంటివి 110కి పైగా కావాలి, 600 కిలోలు. బరువుకి ట్రాక్టరు భయపడదు, మనమే ముందు ఇనప దిమ్మెలు తగిలించి, టైర్లలో నీళ్ళు నింపుతాం. ఖర్చు సంగతే చూడాలి. మెకానిక్ చెప్పిన 30 యూనిట్ల ప్యాక్‌తో గంటన్నర దమ్ము సాగితే గొప్ప. కాలవకి నీళ్ళు వదిలిన వారంలో ఊరంతా ఒకేసారి చేలల్లోకి దిగితే, నువ్వు ఛార్జింగ్ ఎక్కేదాకా గట్టు మీద కూర్చుంటావా?

బోరు కరెంటు ఫ్రీయే కదా, అక్కడ పెడదాం అన్నావు. ఆ కనెక్షన్ ఇచ్చింది పంపుసెట్టుకి, బండి ఛార్జింగుకి కాదు. పైగా అక్కడ రెండు ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి, 230కి చేసిన ఛార్జర్ ఎవరైనా తెలియక తగిలిస్తే అక్కడికక్కడే కాలిపోతుంది.

మరి చిన్నదానికి ఎందుకు చెయ్యమంటున్నానంటే, ఇక్కడ అది నడుస్తుంటే చూస్తున్నాను కాబట్టి. మేం కూరగాయలు తెచ్చుకునే తోటలో అల్లిస్ ఛామర్స్ జీ అనే పాత ట్రాక్టరు ఉంది. 1948 నుంచి 1955 దాకా అలబామాలో తయారైన రకం. ఇంజను వెనక ఉంటుంది, పది హార్స్‌పవర్ మాత్రమే. ముందంతా ఖాళీ గొట్టాలే కాబట్టి కాళ్ళ మధ్య నుంచి సాలు కనిపిస్తుంది, మొక్క పక్కనే కలుపు తీయొచ్చు. కంపెనీ ఎప్పుడో పోయినా చిన్న రైతులు దాన్ని వదల్లేదు. మా ఊరి పక్కన పారే హడ్సన్ నదికి అవతల ఉన్న న్యూ పాల్ట్జ్‌లో ఒక రైతు 2000ల మొదట్లో ఇంజను పీకేసి, మోటారు పెట్టి, నాలుగు 12 వోల్టుల బ్యాటరీలతో 48 వోల్టులకి మార్చి, ఎలా చేశాడో అందరికీ చెప్పాడు. అప్పట్నుంచి చాలామంది చేసుకున్నారు. ఇంజను ఉన్నచోటే బ్యాటరీలు కూర్చుంటాయి, వెనక చక్రాలకి పట్టు దొరుకుతుంది.

మా తోట ఆయన మొదట్లో లెడ్ బ్యాటరీలే వాడాడు. మనింట్లో ఇన్వర్టర్ బ్యాటరీ లాంటివే, కాకపోతే లోతుగా ఖాళీ అయినా తట్టుకునేలా మందం పలకలతో చేసినవి. వాటికీ సగం కంటే దిగకూడదని నియమం. కాసేపు పని ఆపి చూస్తే నిండుగా ఉన్నది 12.7 వోల్టులు చూపిస్తుంది, 12.1కి వచ్చిందంటే సగం అయిపోయినట్టు. ఖాళీగా వారాల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ ఛార్జ్ తీసుకోదు. డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాక పోయాలి, ముందు పోస్తే పొంగి యాసిడ్ బయటికొస్తుంది (పలకలు తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయాలి). ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, ఆ గదిలో బీడీ కూడా వెలిగించకూడదు. చవక అని ఇవి కొంటే ఈ చాకిరీ అంతా ఎవరు చేస్తారో ముందే తేల్చుకో. నువ్వా, జీతం మనిషా, నాన్నా? పేరు చెప్పలేకపోతే కొనొద్దు.

లిథియం ఫాస్ఫేట్‌కి నీళ్ళ బాధ లేదు, అయితే దాని తగువులు దానికున్నాయి. ఒక్కో సెల్లు 3.65 వోల్టుల పైకి పోకూడదు, 2.5 కిందికి దిగకూడదు. 16 సెల్లు వరసగా కలిపితే 51 వోల్టుల ప్యాక్. కాడికి కట్టిన ఎడ్లలో నీరసంగా ఉన్నదాని నడకే బండి నడక అయినట్టు, 16లో బలహీనమైన సెల్లు ముందు నిండితే ఛార్జింగ్ అక్కడే ఆగిపోతుంది, అదే ముందు ఖాళీ అయితే బండి ఆగిపోతుంది. ఆ సెల్లుని కనిపెట్టి ఆపేది బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) బోర్డు. అది లేకుండా చేస్తానన్నవాడితో మాట కలపొద్దు. ఉన్నా సరే, ప్యాక్ కట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది. సెల్లన్నీ ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు కలిపి 3.65 దగ్గర స్థిరంగా పెట్టి, కరెంటు తీసుకోవడం దాదాపు మానేసేదాకా ఛార్జ్ చేయాలి. అప్పుడే అన్నీ ఒకే మట్టం నుంచి మొదలవుతాయి. దీనికి రోజులు పడుతుంది. తొందరపడి వోల్టేజి పెంచితే సెల్లు పాడవుతుంది. మెకానిక్‌లు ఎగ్గొట్టేది సరిగ్గా ఈ పనే, ఎందుకంటే అది చేశారో లేదో మొదటి ఏడాది నీకు తెలియదు.

ఇంకోటి, వోల్ట్ మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. 90 శాతం ఉన్నా 3.3 దగ్గరే, 40 శాతం ఉన్నా ఇంచుమించు అంతే. చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చిందని లెక్కపెట్టే షంట్ మీటరు పెట్టించు. అలాగే బీఎంఎస్ కట్ అయ్యేలోపే కంట్రోలర్ వేగం తగ్గించేలా సెట్ చేయించు. ట్రక్కులో గడ్డి వేసుకుని కాలవ గట్టు ఎక్కుతుంటే కరెంటు పుటుక్కున పోకూడదు. బ్రేకులు మాత్రం పాతవి అస్సలు తీసేయొద్దు.

ఇక్కడ మా తలనొప్పి చలి. సున్నా డిగ్రీల కింద లిథియం సెల్లుకి ఛార్జ్ ఎక్కిస్తే లోపల లోహం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది, అందుకే పెట్టె అడుగున వేడిచేసే పట్టా పరిచాం. మీకు మే నెల ఉంది. నిస్సాన్ లీఫ్ కారు కథ విన్నావో లేదో. దాని బ్యాటరీకి నీళ్ళతో చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012లో అరిజోనా ఎండల్లో తిప్పినవాళ్ళ బ్యాటరీలు అనుకున్నదానికంటే ముందే సామర్థ్యం కోల్పోయాయి, ఆ గొడవ పెద్దదై చివరికి కంపెనీ సామర్థ్యానికి కూడా గ్యారంటీ ఇచ్చింది. పాత కార్ల సెల్లు చవగ్గా ఇప్పిస్తానని మెకానిక్ అంటే ఇది గుర్తు చేసుకో. ఒక్కో సెల్లు నింపి, ఖాళీ చేసి, కొలిచి చూపిస్తేనే డబ్బివ్వు. ఉబ్బినదాన్ని తాకనే వద్దు.

కాబట్టి నిండా ఛార్జ్ చేసి రేకుల షెడ్డులో మధ్యాహ్నమంతా ఉంచకు. వేడీ, నిండుదనమూ రెండూ కలిస్తే సెల్లు త్వరగా ముసలిదవుతుంది. టైమర్ పెట్టి, పనికి దిగే ముందు తెల్లవారుజామున పూర్తయ్యేలా చూడు. మామూలు రోజుల్లో 90 శాతం చాలు, నెలకోసారి మాత్రం నిండా నింపితే బీఎంఎస్ సెల్లన్నిటినీ సర్దుకుంటుంది. పని లేని నెలల్లో సగం ఛార్జ్‌తో వేపచెట్టు వైపు చావిట్లో పెట్టు. ఎరువుల బస్తాల పక్కన వద్దు, ఆ ఘాటుకి రాగి తీగలు తినేస్తాయి. ఎలుకల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

48 వోల్టులే కదా షాక్ కొట్టదు అని మెకానిక్ అనొచ్చు. కొట్టకపోవచ్చు. పానా జారి రెండు టెర్మినళ్ళ మీద పడితే మాత్రం అది ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. ఉంగరం, వాచీ, మెళ్ళో గొలుసు తీసి గాని చెయ్యి పెట్టకు. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి, డీసీకి తయారుచేసిందే ఉండాలి. ఇంట్లో వాడే ఎంసీబీ ఒప్పుకోకు. ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీలో అలా ఆరదు. ట్రాక్టరు కుదుపుకి బోల్టులు వదులవుతాయి, వదులైన చోట వేడెక్కుతుంది. వారానికోసారి చూసుకో.

పెదనాన్న వాళ్ళ బండికి 16 సెల్లు చాలు. 14 యూనిట్లలో 11 వాడుకున్నా మొక్కజొన్నలో అంతరకృషికి, అరటి తోటలో మందు కొట్టడానికి, గడ్డి తేవడానికి నాలుగు గంటలు వస్తుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఇంట్లోనే తగిలించొచ్చు. రోడ్డెక్కిస్తే మాత్రం ఆమోదం ఉన్న కిట్టే వాడాలి, ఆర్‌సీలో మార్పించాలి, లేకపోతే ఇన్సూరెన్స్ చెల్లదు. ఆ గొడవ ఎందుకనుకుంటే కంపెనీవే వస్తున్నాయి. సోనాలికా వాళ్ళు 2020లోనే 25.5 యూనిట్ల బ్యాటరీతో ఒకటి తెచ్చారు, పోయి చూసి రా. నాన్నకి చెప్పు, శబ్దం ఉండదు కాబట్టి వెనక నుంచి వస్తున్నా తెలియదు. దొడ్లో పిల్లలు ఆడుతుంటే హారన్ కొట్టే కదిలించాలి.

ముందు ఒక వారం ఏ పనికి ఎన్ని గంటలు, ఎంత డీజిల్ అని పుస్తకంలో రాసి ఫొటో పంపు. చిన్న ట్రాక్టరు క్లచ్ హౌసింగ్ కొలతలు కూడా పంపు, మోటారు అతికే ప్లేటు గీసిస్తాను. మంచి డీసీ ఫ్యూజులు అక్కడ దొరక్కపోతే రాయి, జూలైలో వచ్చేటప్పుడు తెస్తాను. సెల్లు మాత్రం విమానంలో రానివ్వరు, పెట్టెలో పడెయ్యమని అమ్మ చేత అడిగించకు.

అక్క